మచ్చను కప్పుదము, మేనిచాయను గాదు

సంఘ వారపత్రికలో ముఖమునకు రాసుకొను లేపనమును గూర్చి వ్యాసమా యని మన పెద్దలలో కొందరు కనుబొమలు ముడివేయవచ్చును. పాత చాళ్ల పునర్నిర్మాణము, పిల్లల తెలుగు చదువు, వృద్ధుల వైద్యము, ఇన్ని సమస్యలు మన ముందుండగా ఈ అలంకార ప్రసంగ మేల యని అడుగవచ్చును. వారి ప్రశ్న న్యాయమైనదే. కాని కామాఠిపురా గల్లీలలోను, వర్లీ, ప్రభాదేవి, లోయర్ పరేల్ చాళ్లలోను పెండ్లియీడు వచ్చిన ఆడపిల్లలున్న ప్రతి యింటను ఈనాడు ఒక చిన్న గొట్టము అద్దము ప్రక్కన కనబడుచున్నది. దానిని కన్సీలరు అందురు. ముఖముపై మచ్చలను, కన్నుల క్రింది నలుపును కప్పుట దాని పని. దానిలో ఏ వన్నెను, అనగా ఏ షేడును, కొనవలె నను ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును. ఆ ప్రశ్న వెనుక మన కుటుంబములు తలవంచుకొనదగిన పాత అలవాటొకటి దాగియున్నది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ముందుగా మా యింటి ముచ్చట చెప్పెదను. మా మేనకోడలికి పెండ్లిచూపులు కుదిరినవి. పిల్ల చామనచాయది. చదువుకొన్నది, ఉద్యోగము చేయుచున్నది. తెల్లవారకముందే లేచి, లోకల్ రైలులో నిలుచుండి పోయి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరును. కన్నుల క్రింద నల్లని వలయములు పడినవి. వానిని కప్పుటకై ఆమె తల్లియు, నేనును ఆమెను వెంటబెట్టుకొని ఒక దుకాణమునకు పోతిమి. దుకాణదారుడు పిల్ల ముఖమును సరిగా చూడనైన చూడక, తన వద్ద నున్న వానిలో మిక్కిలి లేతదానిని తీసి, చేతి వెనుక ఒక గీత గీచి, ఇది రాసుకొన్నచో రెండు మెట్లు తెల్లగా కనబడునని హిందీలో చెప్పెను. తప్పు అతనిది మాత్రమే యని నేననను. "తెల్లగా" అను మాట వినబడగానే మేమిద్దరమును తల యూపితిమి.

మరునాడు పగలు వరుని వైపువారు వచ్చిరి. గది లోపల ట్యూబులైటు వెలుగులో ముఖము బాగుగనే తోచినది. తరువాత పిల్ల ఫలహారము పళ్లెము తీసికొని గ్యాలరీ వైపు రాగా, అక్కడి పగటి వెలుతురులో కన్నుల చుట్టును రెండు బూడిదరంగు గుండ్రములు కనబడినవి. వచ్చినవారిలో ఒక పెద్దమ్మ జాలిగా, "పిల్లకు పానం బాగలేదా?" అని అడిగినది. వారు పోయిన తరువాత మేనకోడలు అద్దము చూచుకొని, "అత్తా, కండ్లకింద విభూతి పూసినట్టున్నది గదా!" అన్నది. మేము నవ్వితిమి. పిల్ల నవ్వలేదు. ఆ నవ్వని ముఖమే ఈ వ్యాసమునకు కారణము.

అట్లేల జరిగినదో తరువాత తెలిసికొంటిని. ఈ లేపనములకు రంగు నిచ్చునవి ముఖ్యముగా నాలుగు పొడులు. తెలుపునకు టైటానియం డయాక్సైడు; పసుపు, ఎరుపు, నలుపులకు ఇనుప ఆక్సైడులు. షేడు లేతదైన కొలదియు అందులో తెల్లపొడి పాలు ఎక్కువగును. నల్లని వలయముపై తెల్లపొడిని పలుచగా పరచినచో వచ్చునది తెలుపు కాదు, బూడిద. మన పాత చాళ్ల వంటమూలలో కిరసనాయిలు స్టవ్వు మసి పట్టిన గోడకు ఒక పూత సున్నము కొట్టి చూచినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. మసి పోదు, సున్నము తెల్లబడదు, గోడ బూడిదరంగై నిలుచును.

కన్సీలరు పుట్టుక కథ వినదగినది. న్యూయార్కులో లిడియా ఓలియరీ అను యువతికి ముఖముపై పెద్ద ఎర్రని పుట్టుమచ్చ యుండెను. ఆ మచ్చ కారణముగా ఉద్యోగము దొరకక ఆమె బాధపడెను. చిత్రలేఖనము తెలిసినది గనుక, చిత్రకారుడు ఒక రంగుపై మరియొక రంగును వేసి సవరించునట్లు ముఖముపై మచ్చను ఏల సవరించరాదని యోచించి, తన చర్మపు రంగునకు సరిపోలు లేపనమును తయారు చేయించెను. 1928లో కవర్‌మార్క్ అను పేరుతో దానిని అమ్మకమునకు తెచ్చెను. 1932లో దానికి పేటెంటు పొందెను. 1954లో మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ ఎరేస్ అను కన్సీలరు కడ్డీని బజారులోనికి తెచ్చినది. ఆ యువతి కోరినది తెల్లబడుట కాదని మనము గమనింపవలెను. మచ్చ కనబడక, తన ముఖము తన ముఖముగనే కనబడవలెనని ఆమె కోరిక. ఆ కోరికలో దోషము లేదు. మనలోను వంటయింటి కాలుడు మచ్చలు, మొటిమల గుర్తులు, బొల్లి మచ్చలు గలవారు గలరు. బొల్లి అంటువ్యాధి కాదు; అయినను దానిని చూచి వెనుకకు జరుగు జనము నేటికిని ఉన్నారు. అట్టివారు మచ్చను కప్పుకొని నిశ్చింతగా పనికి పోగలిగినచో ఆ లేపనము ధన్యమైనట్లే.

ఇక సరియైన షేడును ఎన్నుకొను విధము. కొన్ని నెలలు తెలిసినవారిని అడిగియు, స్వయముగా పరీక్షించియు నేర్చుకొన్నది చెప్పుచున్నాను.

మొదటిది, చేతి వెనుక పరీక్షింపరాదు. చేతి రంగు వేరు, ముఖపు రంగు వేరు. ముఖము కడుగుకొని, ఏమియు రాసుకొనక, దవడ అంచున మూడు షేడులను ప్రక్కప్రక్కన సన్నని గీతలుగా గీయవలెను. ముఖమును మెడను కలుపు ఆ చోట ఏ గీత కనబడకుండ కలిసిపోవునో అదియే మీ షేడు. అందముగా కనబడు గీతను వెదుకరాదు; కనబడని గీతను వెదుకవలెను.

రెండవది, వెలుతురు. దుకాణములోని దీపము క్రింద నిర్ణయింపరాదు. చిన్న అద్దము ఒకటి చేత బట్టుకొని వీథిలోనికి రండు. ఇంటివద్ద నైనచో గదిలో గాక గ్యాలరీలో, ఎండ సూటిగా పడని చోట, పగటి వెలుగులో చూడుడు. మన చాళ్ల గదులలో అనేకములకు పగలును దీపము కావలసియుండును గనుక మనకు ఈ జాగ్రత్త ఇతరులకంటె ఎక్కువ అవసరము.

మూడవది, తొందర కూడదు. రాసిన వెంటనే ఒక రంగుగాను, పావుగంట గడచి చర్మపు జిడ్డును గాలియు తగిలిన పిమ్మట మరికొంత ముదురుగాను కనబడు లేపనములు పెక్కు గలవు. గీతలు గీచుకొని బజారులో ఇతర పనులు చూచుకొని వచ్చి, అప్పుడు కొనుడు. ముంబయి ఉక్కలో చెమటయు తోడగును గనుక ఎంత పలుచగా రాసిన అంత నిలుచును.

నాలుగవది, ముదురు లేతలు చూచుకొన్నంత మాత్రమున చాలదు. ఒకే ముదురుదనము గల ఇద్దరిలో ఒకరి చర్మములో పసుపు జీర యుండును, మరొకరిలో ఎరుపు జీర, ఇంకొకరిలో ఆకుపచ్చ ఛాయ గల పసుపు. మనలో పసుపు జీర గలవారు అధికము. అట్టి చర్మముపై గులాబి జీర గల షేడు రాసినచో అతుకు వేసినట్లు కనబడును. మణికట్టు నరముల రంగును చూచి నిర్ణయింపు మని కొందరు చెప్పుదురు. ముదురు చర్మములో నరములు స్పష్టముగా కనబడవు గనుక ఆ గురుతును నమ్ముకొనరాదు. దవడపై గీతయే నమ్మకమైన సాక్షి.

ఐదవది, మచ్చకు ఒక విధము, కన్నుల క్రింది నలుపునకు మరియొక విధము. మన ముఖములలో నుదురు, నోటి చుట్టుప్రక్కలు చెక్కిళ్లకంటె కొంచెము ముదురుగా నుండుట సహజము. కావున మచ్చపై రాయునది ఆ మచ్చను ఆనుకొనియున్న చర్మముతో సరిపోలవలెను. కన్నుల క్రింద నలుపు నీలిజీరతో కూడియున్నచో నారింజవన్నె గల సవరణ లేపనమును ముందుగా చిటికెడంత అద్ది, దానిపై తన చర్మపు షేడునే పలుచగా రాయవలెను. నీలమునకు నారింజ ఎదురు రంగగుటచేత ఒకదాని నొకటి అణచివేయును. మొటిమల ఎరుపునకు అదే విధముగా ఆకుపచ్చ పనికివచ్చును. కన్నుల క్రింద ఒక మెట్టు లేతది రాయు మను సలహా తఱచుగా వినబడును. అది వెలుగు చూపుటకు చేయు అలంకారము. నలుపును కప్పు ఉపాయము కాదు. ఫొటో దిగువారు మరింత జాగ్రత్త పడవలెను. ఫ్లాషు వెలుగు తగిలినప్పుడు తెల్లపొడి ఎక్కువగా నున్న చోటు తెల్లగా మెరసి, పెండ్లి ఆల్బములో కలకాలము నిలిచిపోవును.

చివరిది, ఎండకాలమున చర్మము కొంత ముదురై, వానలలో కొంత లేతయగును. ఆనుకొనియున్న రెండు షేడులను కలిపి వాడుకొనవచ్చును. గొట్టముపై తయారుచేసినవారి చిరునామా, లైసెన్సు సంఖ్య, గడువు తేదీ లేనిదానిని ఎంత చవుకగా వచ్చినను కొనరాదు. కొత్తదానిని ముందురోజు చెవి వెనుక కొంచెము రాసి, దురద పుట్టనిచో మాత్రమే ముఖమునకు వాడవలెను. కన్నుల క్రింది నలుపు వంశపారంపర్యముగా రావచ్చును. నిద్రలేమి, రక్తహీనత, దురదచే కన్నులు నలుపుకొనుట వలనను ఎక్కువ కావచ్చును. వానికి మందు గొట్టములో లేదు, వైద్యుని వద్దనున్నది.

విధానము ఇంతే. పదునైదు నిమిషములలో నేర్చుకొనదగిన విద్య. ఇంత సులువైన దానిలో మనమేల తప్పుచున్నాము? మనకు రంగు పోల్చుకొనుట చేతకాక కాదు. పట్టుచీర తీసినచో దానికి రవికెగుడ్డ జోడు కుదుర్చుటకు నాలుగు దుకాణములు తిరుగుదుము. దారము చూపి నూరు వన్నెలలో వన్నె చెప్పగల నేతగాండ్రు మన చాళ్లలో మిల్లులు నడచినంత కాలము నుండిరి. మన కన్ను మంచిదే. ముఖము దగ్గరకు వచ్చుసరికి మాత్రము ఉన్న రంగునకు జోడు వెదకుట మాని, లేని రంగును వెదకుచున్నాము.

ఈ వెదకులాట నేటిది కాదు. మన పేటకు కూతవేటు దూరములోని బైకుల్లాలో పాటన్‌వాలా గారి అఫ్గాన్ స్నో తయారగుచుండెను. అది 1919లో బజారునకు వచ్చినది. మన అమ్మమ్మలు "స్నో" అను మాటను తెలుగు మాటవలె వాడిరి. 1952లో టాటా సంస్థ లాక్మేను స్థాపించినది. లక్ష్మి పేరునకు అది ఫ్రెంచి రూపము. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చినది. దాని పేరులోని "ఫెయిర్" అను మాట తొలగి "గ్లో" అగుటకు 2020 వరకు నలువదియైదేండ్లు పట్టినది. నల్లని చర్మము గలవారు ఉద్యోగమునకు, పెండ్లికి తగనివారని చూపు ప్రకటనలు కూడదని అడ్వర్టయిజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2014లో నియమము చేసినది. వధూవరులను కలుపు షాదీ డాట్ కామ్ వారు 2020 జూన్‌లో మేనిరంగునుబట్టి వెదకు సదుపాయమును జనుల నిరసనపై తీసివేసిరి.

లోకము సైతము ఆలస్యముగనే మేలుకొన్నది. ఎండకు చర్మము ఎట్లు స్పందించునో కొలుచుటకు 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అను వైద్యుడు చేసిన పట్టికలో మొదట తెల్లచర్మపు తరగతులే యుండెను; గోధుమ, నలుపు చర్మముల తరగతులు తరువాత చేరినవి. గాయని రిహానా ఫెంటీ బ్యూటీ పేరుతో 2017లో ఒకేసారి నలువది షేడుల ఫౌండేషను తెచ్చినప్పుడు ముదురు షేడులకై స్త్రీలు ఎగబడిరి. అంతవరకు పెక్కు కంపెనీలు లేత షేడులను డజన్ల కొలది చేసి, ముదురువానిని రెండు మూడింటితో సరిపెట్టుచుండెను. నేడు మన దేశపు కంపెనీలును చామనచాయకు, నలుపునకు తగిన షేడులను చేయుచున్నవి. కావున "మా రంగుకు దొరకదు" అను మాట ఇక చెల్లదు. అడుగువారు లేనిచో దుకాణదారు తెప్పించడు. మనము నోరు విప్పి అడుగవలెను.

ఇచ్చట తల్లులకు ఒక హెచ్చరిక. కన్సీలరుతో తెల్లదనము రాలేదని కొందరు తెల్లబరచు క్రీములవైపు పోవుచున్నారు. వానిలో కొన్నింట పాదరసము గలదు. అది మూత్రపిండములను చెరుపును. కొన్నింట స్టిరాయిడులు గలవు. అవి మొదట నిగారింపు చూపి, పిమ్మట చర్మమును పలుచబరచి, ఎర్రబరచి, మొటిమలను, ముఖముపై రోమములను పుట్టించును. వైద్యుని చీటి లేక అట్టివానిని పిల్లల ముఖమునకు రాయకుడు. మచ్చకు భయపడి రోగమును కొనితెచ్చుకొనుట తెలివి కాదు.

మన భాషవైపు ఒకసారి చూడుడు. చామనచాయ, గోధుమవన్నె, పసిమిచాయ, ఇన్ని మాటలు మనకు గలవు. చాయ యన్నను వన్నె యన్నను అందమే స్ఫురించును. శ్యాముడని రామునికి, నీలమేఘుడని కృష్ణునికి దండము పెట్టుదుము. నలుపు నారాయణుడు మెచ్చు నని సామెత చెప్పుదుము. పసిబిడ్డ చెక్కిలిపై మన చేతులతోనే కాటుకచుక్క పెట్టి, దిష్టి తగులరాదని మురిసిపోవుదుము. ఆ బిడ్డయే ఇరువదేండ్లది కాగానే చుక్కంత నలుపునకు తల దించుకొనవలసి వచ్చుట ఎట్టి న్యాయము?

"నీవు చెప్పినదంతయు బాగుగనే యున్నది; వరుని వైపువారు ఎర్రటి పిల్లయే కావలెనని అడుగుచున్నప్పుడు మేమేమి చేయగలము?" అని తల్లులు నన్నడిగిరి. ఆ బాధ నేనెరుగుదును. అయినను ఆలోచింపుడు. పూతతో తెల్లగా చూపి చేసిన సంబంధములో, పూత కడుగుకొన్న మరునాటి ఉదయము ఆ పిల్ల యే ధైర్యముతో అద్దము ముందు నిలుచును? ఉన్న రంగును చూచి వద్దనువారు ముందే వద్దనుట మేలు. ఇంకొక మాట. అడుగు వరుని వైపువారు వేరే లోకమునుండి వచ్చినవారు కారు. మన ఇండ్లలోనే కొడుకులున్నారు. కూతురి పెండ్లిలో నొచ్చుకొనిన తల్లియే కొడుకు పెండ్లినాడు రంగు అడుగుచున్నది. ఆ మాట మానుట మన చేతిలోనిది.

కొందరు యువతులు దీనికి విరుద్ధముగా, అసలు ఏ పూతయు వద్దని వాదింతురు. అది వారి యిష్టము, గౌరవింపదగినదే. కాని రాసుకొను పిల్లను గేలి చేయుటయు తగదు. రాసుకొన్నను మానినను తన ముఖమును గూర్చి తాను సిగ్గుపడకుండుటయే ముఖ్యము.

ఇక మన పత్రికకే ఒక విన్నపము. మనము ప్రచురించు వివాహ ప్రకటనలలో చదువు, ఉద్యోగము, గోత్రములతోపాటు రంగును కూడ అచ్చువేయుచున్నాము. "గోధుమవన్నె" అని వేయించినవారిలో సగము పాళ్లు చామనచాయవారేనని మనకందరికిని తెలియును. అచ్చులోను మనము లేత షేడునే వాడుచున్నామన్న మాట. రాబోవు సంచికనుండి ఆ రంగు మాటను తొలగింపవలెనని సంపాదకవర్గమును కోరుచున్నాను. మహిళా సభ్యురాండ్రు ఒక ఆదివారము ఉదయము సంఘ భవనములో కూడి, కిటికీల వెలుతురులో పిల్లలకు షేడు ఎన్నుకొనుట చూపింపవలెనని కూడ నా ప్రార్థన. నాకు తెలిసినంత నేను చూపగలను.

మన పేటకు కామాఠిపురా యని పేరు వచ్చినది మన పెద్దల వలన. పద్దెనిమిదవ శతాబ్దపు చివరినుండి తెలుగుదేశమునుండి వచ్చి, ఈ నగరపు రోడ్లకు, కట్టడములకు మన్నును రాళ్లను మోసిన కామాఠీల పేరది. తరువాత ఈ పేటకు అంటిన అపకీర్తిచే మనలో కొందరు సంబంధములవారికి ఊరు పేరు చెప్పుటకు వెనుకాడి "ముంబయి సెంట్రల్ దగ్గర" అని సరిపెట్టుచున్నారు. ఆ పెద్దల పేరును దాచుకొనుట, వారు మనకిచ్చిన మేనిచాయను దాచుకొనుట, రెండును ఒకటే సిగ్గు. వారు ఎండలో తలయెత్తి పనిచేసిరి. మనము పగటి వెలుగులో తలయెత్తి అద్దము చూచుకొనలేమా?

మా మేనకోడలు ఇప్పుడు తన షేడు తానే కొనుక్కొనుచున్నది. మొన్న గ్యాలరీలో నిలుచుండి, దవడపై గీతలు గీచుకొని, "అత్తా, ఏ గీత కనబడుతలేదో చెప్పు" అని అడిగినది. నడిమి గీత నాకు కనబడలేదు. ముఖము మాత్రము చక్కగా కనబడినది.